అతుకు ఆరనియ్యొద్దు

మా అత్త రాజవ్వకు డాక్టర్లతో పేచీ లేదు. ఆమె పేచీ అంతా స్టేప్లర్‌తోనే. ముంబయి కామాఠీపురాలో, గదికో సంసారం ఉండే మా చాల్ నుంచి ఎవరు ఆస్పత్రికి బయల్దేరినా, చంకలో గడ్డ కోయించుకోవడానికే అయినా సరే, వరండాలో ఎదురుపడి "చేతితోటి నొక్కే మిషనా, కరెంటుదా?" అని అడిగి గానీ దారి వదిలేది కాదు. కింది అంతస్తు సాయిలు పన్ను పీకించుకోవడానికి పోతుంటే కూడా అదే ప్రశ్న. పట్టుకారుతో పీకుతారట వదినా అని చెప్పి ఆయన తప్పించుకున్నాడు.

నవ్వేవాళ్ళు నవ్వేవారు. నాకూ మొదట్లో నవ్వొచ్చేది, తర్వాత విసుగొచ్చేది. ఒకే గదిలో, ఒకే ఫ్యాన్ కింద అత్తాకోడళ్ళు ఉంటే ఎంత మంచి మాటైనా చెవిలో రాయిలా పడుతుంది. నేను సారికను, ఆమెకు ఒక్కగానొక్క కోడలిని. గల్లీ చివర బాల్వాడీలో పిల్లలకు అక్షరాలు నేర్పుతాను. నా తెలుగు మున్సిపాలిటీ బడి తెలుగు. మా ఆయన నిలేష్‌కు ఆ మాత్రం కూడా అబ్బలేదు, మరాఠీలోనే చదివాడు. ఈ సంగతి తెలుగులో రాయడానికి అదీ ఒక కారణమే. ఆయన చదవకపోతేనే మంచిది.

స్టేప్లర్ గొడవ మా మామ శివరాంతో మొదలైంది. ఆయనకు పెద్దపేగు కింది భాగంలో కేన్సర్ వచ్చింది. అలాంటి ఆపరేషన్‌లో చెడిన ముక్కను కోసి తీసేసి, మిగిలిన రెండు కొసలను కలుపుతారు. ఆ కలపడం ఇప్పుడు సూదీ దారంతో తక్కువ, స్టేప్లర్‌తో ఎక్కువ. కాగితాలకు పిన్నులు కొట్టే స్టేప్లర్‌కు అది దూరపు చుట్టం. పొడుగ్గా తుపాకీలా ఉంటుంది, నొక్కితే బియ్యపు నూకల్లాంటి లోహపు పిన్నులు వరసలుగా దిగి పేగును మూసేస్తాయి. ఆ పిన్నులు జన్మంతా లోపలే ఉంటాయి. మామకు అప్పుడు వాడింది డాక్టరు చేత్తో నొక్కేది. ఆపరేషన్ బాగా అయిందన్నారు. కొన్నాళ్ళు గడిచాయో లేదో జ్వరం వచ్చింది, పొట్ట ఉబ్బింది, లోపల అతుకు పగిలి విషం పాకిందన్నారు. ఇంటికి ఆయన శవమై వచ్చాడు. నేను ఆ ఇంట్లో కోడలిగా అడుగుపెట్టిన ఏడే అది జరిగింది.

అప్పటినుంచి అత్త నోట ఒకటే మాట. నొక్కినవాడి చెయ్యి వణికింది, పిన్ను వంకర పడింది, చేతి మిషన్ నా పెనిమిటిని మింగింది. పెళ్ళిలో అయినా, నల్లా దగ్గర బిందె పెట్టి నిలబడ్డా ఇదే కథ. తర్వాత ఎవరో రోబో ఆపరేషన్ల గురించి చెప్పారు. అందులో స్టేప్లర్‌ను కూడా కరెంటే నొక్కుతుందని విని, "అది అప్పుడుంటే ఆయన బతికెటోడు" అని తేల్చేసింది. ఆమె పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. గల్లీ అంతా ఒప్పుకుంది, నేనూ ఒప్పుకున్నాను.

అత్తామామలిద్దరూ కోబా పనివాళ్ళు. వాన నీళ్ళు కింది ఇళ్ళలోకి దిగకుండా ముంబయి మేడల మీద ఇటుక ముక్కలు పరిచి, సందుల్లో సిమెంటు నింపి నున్నగా తేల్చే పనిని కోబా అంటారు. తాతల కాలంలో పాలమూరు నుంచి తట్టా పారా పట్టుకుని వచ్చిన మావాళ్ళలో చాలామంది బతుకు ఇలాంటి పనుల మీదే గడిచింది. మామ గవండి, అంటే తాపీ మేస్త్రీ. అత్త తట్ట మోసేది, దానికంటే ముఖ్యంగా తరాయి చేసేది. కొత్త సిమెంటు ఎండకు ఆరితే పగులుతుంది. అందుకని గోనెసంచులు కప్పి, రోజూ పొద్దున మధ్యాహ్నం సాయంత్రం నీళ్ళతో తడపాలి. దానికే తరాయి అని పేరు. వర్లి నుంచి ధారావి దాకా ఎన్ని మేడల మీద మా అత్త గోనెలు తడిపిందో లెక్కలేదు. పని మానేసి ఏళ్ళయినా, గల్లీలో ఎవరి గడప ముందు కొత్త సిమెంటు కనబడినా చెంబు తీసుకుని వెళ్ళేది. "అతుకు ఆరనియ్యొద్దు" అని వాళ్ళను కోప్పడేది కూడా.

ఇక మామ రావడం గురించి. దీన్ని ఎలా రాయాలో నాకు తెలియదు, ఉన్నదున్నట్టు రాస్తాను.

మధ్యాహ్నం పూట మగవాళ్ళు పనుల మీద, పిల్లలు బడిలో ఉంటే వరండా నిశ్శబ్దంగా ఉంటుంది. అప్పుడు అత్త చేస్తున్న పని ఆపి, గడప వైపు చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. "మీ మామ వచ్చిండు" అనేది నెమ్మదిగా. ఆయన గడప మీద కూర్చుంటాడట. మెడలో తువ్వాల, కాళ్ళకు సున్నం, పెదవులు ఎండి పగిలి ఉంటాయట. ఏమీ మాట్లాడడు, ఆమెను చూసి నోరు తెరిచి చూపిస్తాడు. అంతే. కాసేపు అలా ఉండి పోతాడు.

నేను నమ్మలేదు. ముసలితనం, ఒంటరితనం అనుకున్నాను. కానీ ఒకరోజు నేను బియ్యం ఏరుతుంటే ఆమె కొంగు నోటికి పెట్టుకుంది, అదే క్షణంలో నాకు తడి గోనెసంచి వాసన వచ్చింది. మా చాల్‌లో గోనెసంచి ఎవరింట్లోనూ లేదు. దాంతోపాటు ఎండిన నాలుక అంగిలికి అంటుకుని విడిపోతే వచ్చే చిన్న చప్పుడు కూడా వినబడింది. నేను తల ఎత్తలేదు. బియ్యం చేటలో నా వేళ్ళు ఆగిపోయాయి. ఆ తర్వాత మధ్యాహ్నాలు నేను రేడియో పెట్టడం మొదలుపెట్టాను.

పెత్తరమాస నాడు పెద్దలకు పెట్టేటప్పుడు మామకు ఇష్టమైనవన్నీ వండేది అత్త. మాంసం, బోటి కూర, గారెలు, సీసాలో కల్లు. ఒక ఏడు నేను, మామకు జొన్నంబలి ఇష్టమని ఎవరో చెప్తే విని, గిన్నెడు కాచి విస్తరి పక్కన పెట్టాను. మెచ్చుకుంటుందనుకున్నాను. ఆమె గిన్నె ఎత్తి మోరీలో పారబోసి, గిన్నెను కూడా బయటికి విసిరేసింది. నా తల్లిగారి గిన్నె అది. వారం రోజులు నేను ఆమెతో మాట్లాడలేదు.

పోయిన ఏడు ఆమెకు విరేచనంలో రక్తం పడటం మొదలైంది. దాచింది. ఆడవాళ్ళు ఇలాంటివి ఎంత దాచగలరో మా చాల్ సండాసుల ముందు క్యూలో నిలబడేవాళ్ళకు తెలుసు. మనిషి చిక్కిపోయాక నేనే గట్టిగా అడిగి, లాక్కెళ్ళినట్టు తీసుకెళ్ళాను. పరీక్షలన్నీ అయ్యాయి. మామకు వచ్చినదే, దాదాపు అదే చోట. ఖర్చు సంగతి ఒక ట్రస్టు చూసుకుంటుందన్నారు, ఆ దిగులు తప్పింది.

చూసింది డాక్టర్ మేఘా అనే ఆవిడ. చిన్న వయసు, తొందరలేని మనిషి. మా అత్తకు మరాఠీ బాగా వచ్చు, కాబట్టి మాటలన్నీ మరాఠీలోనే సాగాయి. ఆపరేషన్ రోబోతోనే చేస్తానంది ఆవిడ. అయితే పేగును కోసి మూసే స్టేప్లర్ రెండు రకాలుగా వాడొచ్చు. ఒకటి రోబో చేతికే తగిలించేది. దాన్ని దూరంగా కూర్చున్న డాక్టరు నడిపితే మోటారు నొక్కుతుంది, పేగు మరీ మందంగా ఉంటే అదే ఆగి చెబుతుంది, కటి ఎముకల మధ్య ఇరుకులో మణికట్టులా వంగుతుంది. రెండోది బల్ల పక్కన నిలబడ్డ సహాయ డాక్టరు చేత్తో పట్టి నొక్కేది, ఎన్నో ఏళ్ళుగా వాడుతున్నది. తమ ఆస్పత్రిలో ఈ రెండింటినీ పోల్చి చూస్తున్నామని, ఏదైనా ఫర్వాలేదనే రోగులకు కంప్యూటర్ చీటీ తీస్తుందని, ఇదే కావాలంటే అడగవచ్చని చెప్పింది.

నిలేష్ వెంటనే రోబోదే కావాలన్నాడు. ఆయన లిఫ్టు మెకానిక్. తలుపు మధ్య చెయ్యి పెడితే లిఫ్టు ఆగినట్టు ఇదీ ఆగుతుందని అమ్మకు నచ్చజెప్పబోయాడు. అత్త మాత్రం డాక్టర్‌నే చూస్తోంది. అతుకు పగలకుండా ఉండేది దేనితో అని అడిగింది.

డాక్టర్ మేఘా దాచకుండా చెప్పింది. రోబో స్టేప్లర్‌తో పిన్నుల డబ్బీలు తక్కువ పడతాయి, ఇరుకులో పని సులువు. కానీ అతుకు లీకయ్యే విషయంలో ఇప్పటిదాకా గట్టి తేడా కనబడలేదు. చేతి స్టేప్లర్ కూడా మంచిదే, ఎంతోమందికి తానే వాడింది. ఆమె భయం పోగొట్టాలని ఆవిడ ఆ మాట రెండోసారి కూడా చెప్పింది.

అత్త ముఖం మాడిపోయింది. "తేడా లేకుంటెట్ల?" అని తెలుగులో అరిచి, లేచి బయటికి నడిచింది. పదేళ్ళుగా తాను తిట్టిన మిషన్‌ను ఒక డాక్టరు మంచిదంటే, ఒప్పుకోకపోతే పోనీ గానీ ఇంత కోపమెందుకో నాకు అర్థం కాలేదు. డాక్టర్‌కు అసలే అర్థం కాలేదు. నిలేష్ క్షమాపణలు చెబుతూ అక్కడే ఉండిపోయాడు, నేను ఆమె వెనుక పరిగెత్తాను.

ఫోరస్ రోడ్డులో బస్సు దిగాక ఆమె ఒక మూసిన దుకాణం మెట్టు మీద కూర్చుండిపోయింది. ఇంటికి రాదట, ఆపరేషన్ కూడా వద్దట. బతిమాలి, కసిరి, చివరికి చెయ్యి పట్టుకుని గదికి తెచ్చేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. మధ్యాహ్నం అయింది. నేను రేడియో వైపు చెయ్యి చాపితే వద్దంది. గడప వైపు చూసింది. కొంగు నోటికి పెట్టుకోలేదు. నన్ను దగ్గర కూర్చోమని, పోచమ్మ మీద ఒట్టు వేయించుకుని, అప్పుడు చెప్పింది.

"ఆపరేషన్ అయినంక ఆయన నోట్ల నీళ్ళసుక్క వెయ్యద్దన్నరు. గ్యాస్ పోయిందాంక ఏం ఇయ్యద్దన్నరు. పెదవులు పగిలి నెత్తురచ్చింది. నాతోటి ఏమన్నడో ఎర్కనా? 'ఏమే, కొత్త అతుకును గిట్ల ఎండవెడ్తరా? తరాయి లేకుంటే పగుల్తది' అన్నడు. నాకూ నిజమే అనిపిచ్చింది బిడ్డా. జిందగీ అంత చేసింది గదే పని గద. ఇంటికచ్చి జొన్నంబలి కాసిన, పల్చగ. కొంగు కింద దాసుకొని పోయి, నర్సు అటు మళ్ళంగనే పోసిన. తెల్లారి జరమచ్చింది. మల్ల తెల్లారి పొట్ట ఉబ్బింది."

ఆమె గడప వైపే చూస్తూ చెబుతోంది. "రోజు అచ్చి నోరు తెర్సి సూపెడ్తడు. నా నోట్ల ఏం పోసినవో సూడు అన్నట్టు. నేను తప్పు మిషన్ మీద వెట్టి బతికిన. ఇప్పుడీమె చేతి మిషన్ మంచిదే అంటది. గట్లయితే తప్పెవలది?"

ఆ మెట్టు మీది కోపం, మోరీలో పోసిన అంబలి, పన్ను పీకించుకునేవాణ్ణి కూడా ఆపి అడిగిన ప్రశ్న, అన్నీ నాకు ఒక్కసారి అర్థమయ్యాయి. పదేళ్ళు నేను ఈ మనిషి పక్కన పడుకున్నాను. నాకు ఏడుపొచ్చింది. అంబలికి పేగు పగలదని అన్నాను గానీ, నా గొంతులోనే నమ్మకం లేదు. నాకేం తెలుసు?

ఆ సాయంత్రం నిలేష్ రాగానే ఆమె ఆపరేషన్‌కు ఒప్పుకుంది. అయితే చేతి మిషనే కావాలంది. నిలేష్ తల పట్టుకున్నాడు. ఇన్నేళ్ళూ కరెంటు మిషన్ అని చెవులకు చిల్లులు పొడిచి, తీరా అది దొరికే వేళకు నాన్నను మింగిన దాన్నే ఎందుకు కోరుతోందని అరిచాడు. ఆయన నల్లా వైపు పోయాక నాకు మాత్రం చెప్పింది.

"నాకు గదే మిషన్ వెయ్యనీ. అయినంక నేను నోట్ల సుక్క వెయ్యనియ్య. పగిలిందంటే మిషన్‌ది తప్పు. ఆయనకు ఎదురుగ పోయి నిలవడి చెప్త."

"పగలకుంటే?" అన్నాను.

"పగలకుంటే నాది."

ఆస్పత్రిలో వాళ్ళు ఎంతోమందితో చేస్తున్న పోలికను మా అత్త తన ఒక్క ఒంటి మీద చేయబోతోంది. మిషన్ అదే, అంబలి మాత్రం ఉండదు. చచ్చిపోతే నిర్దోషి. బతికితే మొగుణ్ణి చంపిన మనిషి. నేను ఆ రాత్రి అన్నం తినలేకపోయాను. ఒట్టు తీసి గట్టు మీద పెట్టి నిలేష్‌తో చెబుదామని చాలాసార్లు నోరు తెరిచాను. కానీ చెబితే ఆ కొడుకు తల్లిని ఏ కళ్ళతో చూస్తాడో నాకు తెలియలేదు. వైద్యుల చేతుల్లో ఉన్నప్పుడు ఆకలితో ఎవరూ చావరులే, సెలైన్ ఎక్కిస్తారు కదా అని సర్దిచెప్పుకున్నాను.

డాక్టర్ మేఘా ఆమె కోరికకు అభ్యంతరం చెప్పలేదు. చేతి స్టేప్లర్ అడిగే రోగిని ఇదే మొదటిసారి చూస్తున్నానని మాత్రం అంది.

ఆపరేషన్ నెమ్మదిగా, సవ్యంగా జరిగింది. బయటికి వచ్చి డాక్టర్ చెప్పింది నాకు గుర్తుంది. గడ్డ మొత్తం వచ్చేసింది. అతుకు వేశాక పొత్తికడుపులో నీళ్ళు నింపి, కింది నుంచి పేగులోకి గాలి ఊది చూశారట, ఒక్క బుడగ రాలేదు. మామ ఉంటే మెచ్చుకునేవాడు. కోబా అయ్యాక ఆయన కూడా మేడ మీద నీళ్ళు నిలిపి, కింది కప్పు తడుస్తుందా అని కాచుకుని చూసేవాడట. నిలేష్ మెట్ల దగ్గరకు పోయి ఏడ్చి వచ్చాడు. నాకు మాత్రం అసలు పరీక్ష ఇంకా మొదలు కాలేదని తెలుసు.

మర్నాడు పొద్దున నేను వార్డులోకి పోయేసరికి అత్త మెలకువగా ఉంది. ముఖం తేటగానే ఉంది. మంచం కాళ్ళ వైపు ఒక స్టూలు ఉంటే కూర్చోబోయాను. "అక్కడ వద్దు," అంది. "మీ మామ ఉన్నడు."

పట్టపగలు, చుట్టూ ఇంతమంది రోగులు, ట్రాలీల చప్పుడు. అయినా మందుల వాసన మధ్యలో తడి గోనెసంచి వాసన ముక్కుకు తగిలింది. నేను మంచం ఇవతలి వైపు నిలబడ్డాను.

అంతలో పూనం అనే నర్సు స్టీలు గిన్నె తెచ్చింది. అందులో వెచ్చటి పేజ్. ఇక్కడ పల్చటి గంజిని అలా అంటారు. నెమ్మదిగా తాగించమని నా చేతికిచ్చింది. నేను తెల్లబోయాను. ఆపరేషన్ నిన్ననే కదా అంటే, అవును, ఇప్పుడు అందరికీ మర్నాడే ఇస్తాం అని తేలిగ్గా అనేసి పక్క మంచానికి పోయింది. అత్త అంతా వింది. పెదవులు బిగించి ముఖం గోడకు తిప్పుకుంది. నేను చెంచా దగ్గరికి తీసుకుపోతే చేత్తో తోసేసింది. సెలైన్ తీసేస్తే ఎలా బతుకుతావని అడిగాను. ఆమె కళ్ళు స్టూలు మీదికి పోయి, మళ్ళీ గోడకు పోయాయి.

ఇక నా వల్ల కాలేదు. పోచమ్మ తల్లికి మనసులో దండం పెట్టుకుని, కోడిని కోస్తానని మొక్కుకుని, నడవలో డాక్టర్ మేఘాను ఆపి మొత్తం చెప్పేశాను. తరాయి అంటే ఏమిటో కూడా చెప్పాను. ఆవిడ అంతా విని, చేతిలో ఉన్న కాగితాలు నర్సుకు ఇచ్చి నాతో వచ్చింది.

కూర్చోవడానికి స్టూలు లాగబోతే అత్త చెయ్యెత్తి ఆపింది. డాక్టర్ ఎందుకని అడగలేదు. మంచం అంచు మీద కూర్చుంది.

"ఆజీ," అంది ఆవిడ మరాఠీలో, అవ్వా అని పిలిచినట్టు, "మీ ఆయన అతుకు ఎందుకు పగిలిందో ఇన్నేళ్ళ తర్వాత నేను చెప్పలేను. పేగు కొసకు రక్తం సరిగా అందకపోతే పగులుతుంది. చేతి స్టేప్లర్‌తో వేసినా పగలొచ్చు, రోబోతో వేసినా పగలొచ్చు, దారంతో కుట్టినా పగలొచ్చు. కానీ మీరు పోసిన అంబలితో కాదు. అప్పట్లో భయపడి కడుపు మాడ్చేవాళ్ళం. ఇప్పుడు మర్నాడే తాగిస్తున్నాం, తాగినవాళ్ళే తొందరగా కోలుకుంటున్నారు. మీరు ఆయన్ను చంపలేదు."

నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. పదేళ్ళ బరువు దిగిపోయిందనుకున్నాను. అత్త చెయ్యి పట్టుకుని ఇక తాగమన్నాను. ఆమె నా వైపు చూడలేదు. డాక్టర్‌నే చూస్తోంది. తర్వాత మరాఠీలో, ఆ గిన్నెడూ తాగించినా ఏమీ అయ్యేది కాదా అని అడిగింది.

అయ్యేది కాదని డాక్టర్ ధైర్యమిస్తూ చెప్పింది. ఆవిడ దృష్టిలో అది ఊరటనిచ్చే మాటే. అత్త భుజం తట్టి, మిగతా రోగుల దగ్గరకు వెళ్ళిపోయింది.

అత్త ఈసారి తెలుగులో, నాతో మాట్లాడింది.

"రెండు గుక్కలే తాగిచ్చిన సారికా. నర్సు మళ్ళి చూసెనో ఏమో అని భయమైంది. గిన్నె గుంజుకున్న. ఆయన ఇంక పొయ్యి అన్నడు. నాలిక బయటవెట్టి అడిగిండు. చాలు అని కసిరి, గిన్నెను మంచం కిందికి నూకిన. మల్ల మాట్లాడలే ఆయన." ఊపిరి తీసుకోవడానికి ఆగింది. "గందుకేనా రోజు నోరు తెర్సేది? ఉపాసం పంపిన్నా బిడ్డా?"

దానికి జవాబు ఏ పుస్తకం చదివిన డాక్టర్ దగ్గరైనా ఉంటుందని నేననుకోను. ఆమె నా చేతిలోని గిన్నె తీసుకుంది. తాగుతుందనుకుని నేను తల కింద చెయ్యి పెట్టి లేపాను. ఆమె గిన్నెను నోటి దగ్గరకు తీసుకోలేదు. కుట్లు నొప్పెడుతున్నా ముందుకు వంగి, రెండు చేతులతో దాన్ని స్టూలు వైపు చాపింది. పేజ్ దుప్పటి మీద ఒలుకుతోంది.

"తాగు," అంది. "అంత తాగు. ఇయ్యాల ఎవలు ఏమనరు."